మేలుకు బదులుగా ఒక రొట్టె

మన తెలుగిళ్ళలో ఒకరు చేసిన మేలుకు నోటితో బదులు చెప్పే అలవాటు తక్కువ. 'థాంక్స్' అనే మాట ఇంగ్లీషు చదువుతో పాటు వచ్చింది. 'ధన్యవాదాలు' సభల్లో చివర వినబడే మాట. పురిటినాడు రాత్రంతా మేలుకుని కూర్చున్న పొరుగింటావిడతో "ధన్యవాదాలండీ" అని చూడండి, ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంటుంది. "అదేమిటే, నేనేమన్నా పరాయిదాన్నా?" అంటుంది. అలాగని మనవాళ్ళకు కృతజ్ఞత లేదనుకోకండి. మనకది నోట్లో కాక చేతిలో ఉంటుంది. నాలుగు రోజులు పోయాక ఆవిడింటికి ఒక గిన్నెలో సున్నుండలు వెళతాయి. ఆవిడ మాట్లాడకుండా పుచ్చుకుంటుంది. అంతటితో ఇద్దరికీ సరిపోయింది.

ఈ పూట మనం చెప్పుకోబోయేది కూడా అలాంటి ఒక గిన్నె సంగతే. అయితే అందులో ఉన్నది సున్నుండలు కాదు, అరటిపండుతో చేసిన రొట్టె. హైదరాబాదులో హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు అపార్ట్‌మెంట్లలో కాపురాలుంటున్న మన ఆడపిల్లలు దీన్ని 'బనానా బ్రెడ్' అంటారు. జ్వరంలో చూసిపోయిన ఎదురింటివారికి, పిల్లవాణ్ణి బడి బస్సు దగ్గర దింపిన పై అంతస్తు ఆవిడకు, ఆఫీసులో ఓ వారం తమ పని కూడా చేసిపెట్టిన స్నేహితురాలికి దీన్ని ఇంట్లో కాల్చి, కాగితంలో చుట్టి, ఇచ్చి వస్తున్నారు. "ఇదేమి వింత, అమెరికా మోజు" అని పెద్దవాళ్ళు కొందరు మూతి విరుస్తారు. విరిచే ముందు దీని చరిత్ర కాస్త చూద్దాం. ఈ రొట్టె మనం అనుకున్నంత పరాయిదీ కాదు, అనుకున్నంత అమాయకమైనదీ కాదు.

ముందు పండు మాట. అరటిపండు లేకుండా మనకు తాంబూలం లేదు. తమలపాకులు, వక్క, పండు పెట్టి బొట్టు పెడితేనే పేరంటం. పెళ్ళి పిలుపు, సీమంతం, నోము ఏదైనా సరే, ఆ రెండు పళ్ళూ ఉండవలసిందే. సత్యనారాయణ వ్రతం ప్రసాదంలో రవ్వ, నెయ్యి, చక్కెరలతో పాటు అరటిపండు కలుపుతాం. పంచామృతంలో వేస్తాం. కోనసీమలో రావులపాలెం అంటే అరటి గెలల సంతే గుర్తుకు వస్తుంది. చక్కెరకేళి, అమృతపాణి, కర్పూరం అని పండు పండుకీ పేరూ రుచీ వేరు. బాగా మాగిపోయిన పళ్ళను పారేయటానికి చేతులు రాక, పిండీ బెల్లమూ కలిపి అప్పాలుగా వేయించే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అంటే మాగిన పండును పిండిలో కలపటం మనం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కరలేదు. మన పొయ్యి మీద అది నూనెలో వేగింది, ఇంకొకరి పొయ్యిలో సెగకు కాలింది. తేడా అంతే.

ఇక ఇచ్చిపుచ్చుకోవటం మాట. అట్లతద్దికి అట్లు, శ్రావణ మంగళవారాలకు శనగలు వాయనమిస్తాం. "ఇస్తినమ్మ వాయనం" అని ఒకరు, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని ఇంకొకరు అంటారు. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి! ఇచ్చినావిడ ఎంత ముఖ్యమో పుచ్చుకున్నావిడ అంతే ముఖ్యం. ఆవిడ పుచ్చుకుంటేనే నోము ఫలం. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు ఆట అయ్యాక ఆడవాళ్ళంతా ఒకరికొకరు మలీద పెట్టుకుంటారు. ఈ మలీద అంటే రొట్టె చేసి, నలిపి, బెల్లం కలిపి కట్టిన ముద్దలు. పీరుల పండుగలో కూడా ఇదే మలీద. రొట్టె కానుకగా చేతులు మారటం మన గడ్డకు కొత్త కాదనటానికి ఇంతకంటే ఏం కావాలి? పైగా మనకింకో నియమం ఉంది. ఎవరింటినుంచి గిన్నె వచ్చినా ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేసి పంపుతారు. ఆ గిన్నె అటూ ఇటూ తిరుగుతున్నన్నాళ్ళూ ఆ రెండిళ్ళకూ మాటలుంటాయి.

అయితే అన్నీ ముచ్చట్లే చెప్పుకుంటే చరిత్ర కాదు. ఈ గిన్నె అందరిళ్ళకూ వెళ్ళేది కాదు. పండు ఎవరైనా ఎవరికైనా ఇవ్వవచ్చు. పండుకు మైల అంటదనుకునేవారు. వండిన పదార్థం మాత్రం అలా కాదు. ఎవరు వండారు, ఏ నీళ్ళతో తడిపారు, ఎవరు ముట్టుకున్నారు అని లెక్క. పై కులంవారు వండినది కింది కులంవారు తినవచ్చు, వారు వండినది వీరు తినరాదు. కాబట్టి ఇవ్వటమనేది ఒకవైపే పారే కాలువ అయింది. మిగిలిన అన్నం పనిమనిషికి పోస్తాం. ఆమె ఇంటినుంచి గిన్నె మాత్రం మన గడప దాటదు. 'ఖాళీ గిన్నె పంపకూడదు' అనే నియమం అక్కడ చెల్లలేదు.

రొట్టె మన దేశంలోకి వచ్చినప్పుడు అందరికంటే ముందు ఈ గోడకే కొట్టుకుంది. పొంగే రొట్టెను మనకు తెచ్చినవారు పోర్చుగీసువారు. గోవాలో ఈస్టు దొరక్క కల్లుతో పిండి పులియబెట్టేవారు. మన ప్రాంతానికొస్తే, 1798లో నిజాము ఇంగ్లీషువారితో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట సికింద్రాబాదు కంటోన్మెంటు ఏర్పడింది. దొరలు, సోల్జర్లు వచ్చినచోటికి రొట్టె భట్టీలూ వచ్చాయి. కల్లుతో పొంగించినది, దొరలకోసం ఎవరో ముస్లిమో క్రైస్తవుడో పిసికి కాల్చినది. మడి కట్టుకునే ఇంట దాని పేరెత్తితేనే అపచారం. రొట్టె తిన్నవాడు మతంలో కలిసిపోతాడనే భయం చాలాకాలం ఉండేది.

మన దగ్గరే కాదు, దేశమంతటా ఇదే కథ. బెంగాలులో రాజనారాయణ బోసు 1846లో బ్రహ్మసమాజంలో చేరినప్పుడు, కులం కట్టుబాట్లను లెక్కచేయమని చూపటానికి బిస్కెట్లూ, షెర్రీ సారా తెప్పించారు. బిస్కెట్టు కొరకటమే ఒక తిరుగుబాటన్నమాట! మరో యాభయ్యేళ్ళకు, 1898లో, ఢిల్లీలో 'హిందూ బిస్కెట్ కంపెనీ' అని పెట్టారు. అగ్రకులాలవారి చేతనే చేయిస్తాం, నిశ్చింతగా తినండి అని దాని ప్రచారం. బిస్కెట్టును ఒప్పుకున్నారు గాని, చేసిన చెయ్యి ఎవరిదన్న ప్రశ్నను వదలలేదు. తెచ్చుకున్న వస్తువు మారినంత తేలికగా మన పట్టింపులు మారవు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, చివర మళ్ళీ అవసరపడుతుంది.

ఇక్కడే ఒక చక్కటి సంగతి. మలబారులో తలశ్శేరి అనే ఊళ్ళో మాంబల్లి బాపు అనే ఆయన 1880లో రాయల్ బిస్కెట్ ఫ్యాక్టరీ పెట్టాడు. 1883లో మర్డాక్ బ్రౌన్ అనే దాల్చినచెక్క తోటల దొర ఇంగ్లండునుంచి తెచ్చిన క్రిస్‌మస్ కేకు ఒకటి చూపించి, ఇలాంటిది చేసిపెట్టమన్నాడట. కేకులో పోయవలసిన బ్రాందీకి బదులు బాపు జీడిమామిడి పండూ, కదళీఫలమూ పులియబెట్టిన రసం పోశాడని చెబుతారు. దొర తిని మెచ్చుకున్నాడట. మన దేశంలో భారతీయుడు చేసిన తొలి క్రిస్‌మస్ కేకు అదేనంటారు. చూశారా, కేకూ అరటిపండూ మన దక్షిణాదిన కలుసుకుని నూట నలభై ఏళ్ళు దాటిపోయింది.

ఇక హైదరాబాదుకు వద్దాం. ఇక్కడ రొట్టెను 'డబల్ రొట్టె' అన్నారు, పొంగి రెండింతలవుతుందని. ఆ రొట్టెముక్కల్ని నేతిలో వేయించి, పాలల్లో, పాకంలో నానేసి 'డబల్ కా మీఠా' చేశారు. ఇప్పటికీ హైదరాబాదు పెళ్ళి విందులో అది లేకపోతే లోటే. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911నుంచి 1948దాకా పాలించాడు. ఆయన పేరుతో వెలసినదే మనం ఇరానీ చాయ్‌లో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్టు. ఆయన కాలంలోనే 1935లో, ఆయన రెండో కొడుకు పేరిట మొజంజాహీ మార్కెట్టు కట్టారు. నల్లరాతి గడియార స్తంభం, కమానులు, లోపల వరుసగా పండ్ల దుకాణాలు. నగరంలో పండ్లు అంటే మొజంజాహీయే. తరువాత పండ్ల టోకు వ్యాపారం కొత్తపేటకు, అక్కడినుంచి బాటసింగారానికి తరలిపోయింది. ఆ మార్కెట్టు దగ్గరే 1953లో ఖాన్‌చంద్ రామ్నానీ అనే సింధీ ఆయన, దేశవిభజనలో ఊరు వదిలివచ్చి, వదిలివచ్చిన ఊరి గుర్తుగా కరాచీ బేకరీ పెట్టాడు. దాని ఫ్రూట్ బిస్కెట్టు ఈనాడు హైదరాబాదునుంచి ఊరెళ్ళే ప్రతివారి సంచీలోనూ ఉంటుంది. ఊరు పోగొట్టుకున్నవాడు చేసిన బిస్కెట్టు, వచ్చిన ఊరికి గుర్తుగా నిలిచిపోయింది.

పాతబస్తీలో మొహర్రం వస్తే 'దమ్ కా రోట్' అని ఒకటి చేస్తారు. రవ్వ, మైదా, నెయ్యి, చక్కెర, బాదం, జీడిపప్పు వేసి, సన్నసెగన కాల్చిన గుండ్రటి రొట్టె. మొక్కుకున్నది తీరినవారు దీన్ని చేయించి నలుగురికీ పంచుతారు. క్రిస్‌మస్ ముందు సికింద్రాబాదులో కొందరు ఇల్లాళ్ళు కేకు పిండి ఇంట్లో కలుపుకుని, డబ్బాల్లో పోసుకుని, బేకరీకి తీసుకెళ్ళి వాళ్ళ భట్టీలో కాల్పించుకునేవారు. ఇంట్లో భట్టీ ఎక్కడిది? చెయ్యి తమది, సెగ బేకరీవారిది. ఆ కేకు ముక్కలు హిందువుల ఇళ్ళకూ, ముస్లిముల ఇళ్ళకూ వెళ్ళేవి. సంక్రాంతికి అరిసెలు, రంజానుకు సేమ్యా ఆ ఇళ్ళనుంచి ఈ ఇళ్ళకు వచ్చేవి.

రొట్టెతో కృతజ్ఞత చెప్పటానికి మన తెలుగునాట అన్నిటికంటే పెద్ద ఉదాహరణ నెల్లూరుది. బారా షహీద్ దర్గా, దాని పక్కన స్వర్ణాల చెరువు. ఏటా మొహర్రంలో అక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. బారా షహీద్ అంటే పన్నెండుమంది అమరులు. వెనుకటి ఆర్కాటు నవాబు ఒకాయన తన భార్యకు ఆ సమాధుల మహిమవల్ల జబ్బు నయమైందని, తానే వచ్చి మొక్కు చెల్లించుకున్నాడని, అప్పటినుంచీ ఈ ఆచారం ఉందని చెబుతారు. పద్ధతి చూడండి. కోరిక ఉన్నవారు చెరువు నీళ్ళలో నిలబడి, ఆ కోరిక తీరినవారి చేతినుంచి రొట్టె పుచ్చుకుంటారు. కోరిక తీరితే మరుసటేడు తామే రొట్టెలు చేసుకుని వచ్చి, అదే కోరికతో నిలబడ్డ ఇంకొకరికి ఇస్తారు. పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, ఇల్లు రొట్టె. ఈమధ్య వీసా రొట్టె కూడా వచ్చింది! 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. అక్కడ హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ వస్తారు. ఎవరి కులం ఏమిటని రొట్టె పుచ్చుకునేటప్పుడు ఎవరూ అడగరు. అడిగేదల్లా "ఏ రొట్టె అమ్మా?" అని. ఇంకో విశేషం గమనించారా? మేలు చేసినవారికే బదులు ఇవ్వాలని అక్కడ లేదు. అవసరంలో ఉన్న ఇంకొకరికి ఇస్తే చాలు. కృతజ్ఞత వెనక్కు తిరగకుండా ముందుకు నడుస్తుంది.

ఇప్పుడు మన బనానా బ్రెడ్ పుట్టుకకు వద్దాం. అమెరికావారికి అరటిపండు మనలాగా పెరట్లో దొరికేది కాదు. 1876లో ఫిలడెల్ఫియా నగరంలో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు అరటిపండును వింతవస్తువుగా, రేకు కాగితంలో చుట్టి, ఒక్కొక్కటిగా అమ్మారు. తరువాత ఓడల మీద గెలలు దిగుమతి కావటంతో పండు చవకయింది. అయితే అరటిపండుది నాలుగు రోజుల జీవితం. ఐదోరోజుకు తొక్క నల్లబడుతుంది. 1930లలో ఆర్థికమాంద్యం వచ్చి, ఇంటింటా పైసా పైసా చూసుకోవలసినప్పుడు, నల్లబడ్డ పండును పారేసే ధైర్యం ఏ ఇల్లాలికుంటుంది? 1933లో పిల్స్‌బరీ అనే పిండి కంపెనీ వేసిన వంటల పుస్తకంలో బనానా బ్రెడ్ ఉంది. అంటే ఇదేదో విలాసం కాదు. కరువునాటి పొదుపు వంట. మన అరటిపండు అప్పాలకు అక్కచెల్లెలే.

దీని పేరు రొట్టె గాని స్వభావం కేకుది. ఈస్టు అక్కరలేదు, రాత్రంతా పులియనక్కరలేదు. పొంగించేది వంటసోడా. సోడాకు పులుపు తగిలితే గాలి బుడగలు పుడతాయి. మాగిన పండులో ఉన్న కొద్దిపాటి పులుపు, దానికితోడు పెరుగు, ఆ పని చేస్తాయి. సోడాలోనే పులుపు పొడి కలిపి ఉంచితే అది బేకింగ్ పౌడరు. 1843లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన దాన్ని తయారుచేశాడు. ఆయన భార్యకు ఈస్టు పడదు, గుడ్డూ పడదు. ఆవిడకోసం ఆ మందులషాపాయన పడ్డ పాటే ఈనాడు మన వంటింట్లో డబ్బా అయి కూర్చుంది. ఇక పండు నల్లబడటమంటారా, అది చెడిపోవటం కాదు. పచ్చికాయలో నూటికి ఇరవై పాళ్ళకు పైగా పిండిపదార్థం ఉంటుంది. మాగేకొద్దీ అది చక్కెరగా మారి, చివరకు ఒకటి రెండు పాళ్ళే మిగులుతుంది. అందుకే మచ్చలు పడ్డ పండు తియ్యన. తెల్లగా, గట్టిగా ఉన్న పండుతో చేస్తే రొట్టె చప్పగా ఉంటుంది.

మన ఇళ్ళకు కేకు ఎలా వచ్చింది? భట్టీ లేదు, ఓవెన్ లేదు. కుంపటి మీద గిన్నె పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చినవారున్నారు. పెద్ద డబరాలో ఇసుక పోసి వేడిచేసి, అందులో కేకు గిన్నె దించినవారున్నారు. 1959లో మన దేశంలో ప్రెషర్ కుక్కర్లు తయారవటం మొదలయ్యాక, వెయిటు తీసి, ఇసుకో ఉప్పో అడుగున పోసి, కుక్కర్లో కేకు చేయటం నేర్చుకున్నాం. ఆ తరువాత కరెంటుతో కాలే గుండ్రటి అల్యూమినియం ఓవెన్లు పుట్టినరోజులకోసం ఇంటికొచ్చాయి. మైక్రోవేవులు ఇంకా తరువాతి మాట. తమాషా ఏమిటంటే, ఇవన్నీ ఆడవాళ్ళు ఒకరినుంచి ఒకరు నేర్చుకున్నవే. కాగితం ముక్క మీద రాసుకున్న కొలతలు, పత్రికల్లోంచి కత్తిరించి అట్టలకు అంటించుకున్న వంటలు, రేడియోలో స్త్రీల కార్యక్రమంలో వింటూ పెన్సిలుతో గబగబా దింపుకున్న కొలతలు. ఇదీ మన బేకింగ్ కాలేజి.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు ప్రారంభించారు. అంతకుముందు ఆ వైపంతా కొండరాళ్ళు, చెరువులు, పొలాలు, చిన్న చిన్న ఊళ్ళు. మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ అన్నీ పల్లెలే. చూస్తూండగా అద్దాల మేడలు లేచాయి, వాటి పక్కన ఇరవై అంతస్తుల ఇళ్ళు లేచాయి. విజయవాడనుంచి, వరంగల్లునుంచి, కడపనుంచి, ఉత్తరాదినుంచి కొత్తగా పెళ్ళయిన జంటలు వచ్చి దిగాయి. కొందరు అమెరికాలో నాలుగేళ్ళుండి తిరిగివచ్చారు. వస్తూ వస్తూ అక్కడ పొరుగువారు తమకు స్వాగతంగా ఇచ్చిన అరటి రొట్టె రుచినీ తెచ్చుకున్నారు. ఇక్కడ ఎదురింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. అత్తగారూ పుట్టినిల్లూ దూరం. జ్వరం వస్తే ఎవరిని పిలవాలి? అలా పిలవగా వచ్చిన మనిషికి బదులేమివ్వాలి? ఆవిడ భాష వేరు, నోములు వేరు. పసుపు కుంకుమలు పుచ్చుకుంటుందో లేదో తెలియదు. రొట్టె మాత్రం అందరికీ తెలుసు. అదీ ఇది ఇక్కడ కుదురుకోవటానికి కారణం.

2020 మార్చి 25నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. ఆఫీసులు ఇళ్ళలోకే వచ్చాయి. హోటళ్ళు, బేకరీలు మూతపడ్డాయి. దొరికినప్పుడే రెండు డజన్ల పళ్ళు తెచ్చుకునేవారు, సగం నల్లబడేవి. ఆ వేసవిలో ప్రపంచమంతటా ఇళ్ళలో కాలిన రొట్టె ఇదే. 1930లలో అమెరికా ఇల్లాలికి వచ్చిన ఆలోచనే తొంభయ్యేళ్ళ తరువాత గచ్చిబౌలి ఇల్లాలికీ వచ్చింది. ఎదుటివారి తలుపు ముందు ఒక పళ్ళెం పెట్టి, గంట కొట్టి, దూరంగా జరిగి నిలబడటం ఆ రోజుల్లోని మర్యాద. ముట్టుకోకూడని రోజుల్లో కూడా ఇచ్చిపుచ్చుకోవటం ఆగలేదు.

చేసే పద్ధతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. బండి మీద దొరికే పెద్ద అరటిపళ్ళు బాగా మచ్చలు పడ్డవి మూడు. చక్కెరకేళి అయితే నాలుగైదు కావాలి. మెత్తగా చిదిమి, ముప్పావు కప్పు చక్కెర, కప్పులో మూడోవంతు కరిగిన వెన్న గాని నూనె గాని, ఒక గుడ్డు వేసి గిలకొట్టండి. గుడ్డు తిననివారు పావు కప్పు పెరుగు వేసుకోవచ్చు. కప్పున్నర మైదాలో ఒక చెంచాడు వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి జల్లించి, ఆ ముద్దలో పొయ్యండి. సగం గోధుమపిండి వేసినా బాగుంటుంది. ఎక్కువ కలపకండి, పిండి సాగితే రొట్టె గట్టిపడుతుంది. యాలకుల పొడి, నాలుగు జీడిపప్పు పలుకులు మీ ఇష్టం. నెయ్యి రాసిన గిన్నెలో సగానికి పైగా పోసి, ఓవెన్లో అయితే 180 డిగ్రీల దగ్గర 50నుంచి 60 నిమిషాలు. కుక్కర్లో అయితే రబ్బరూ వెయిటూ తీసేసి, అడుగున ఉప్పు పోసి, నీళ్ళు పొయ్యకుండా, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, చిన్న స్టాండు మీద గిన్నె పెట్టి, సన్నసెగన గంటసేపు. పాత కుక్కరైతే మంచిది, కొత్తది పాడవుతుంది. పుల్ల గుచ్చి చూస్తే తడి అంటకూడదు. పూర్తిగా చల్లారాక కోయండి. మర్నాటికి రుచి ఇంకా పెరుగుతుంది, అందుకే ఇవ్వటానికి ఇది అనువైనది. ఇచ్చేటప్పుడు గుడ్డు వేశారో లేదో, జీడిపప్పు ఉందో లేదో ముందే చెప్పండి. పుచ్చుకునేవారి నియమాన్ని మన్నించటం కూడా మర్యాదలో భాగమే.

ఇప్పుడు గుర్తుంచుకోమన్న మాట. వెనుకటి రోజుల్లో రొట్టె ఎవరు చేశారన్నది ప్రశ్న. ఈనాడు మనలో చాలామందికి ఆ ప్రశ్న పోయింది. బేకరీలో ఎవరు పిండి పిసికారో అడగకుండానే తింటున్నాం. మంచిదే. కాని ఎవరికి ఇస్తున్నామన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. మన రొట్టె పక్క ఫ్లాటుకు వెళుతుంది, పై అంతస్తుకు వెళుతుంది, ఆఫీసుకు వెళుతుంది. పొద్దున్నే వచ్చి గిన్నెలు తోమి, రొట్టె కాల్చిన ఆ డబ్బా కూడా తోమిపెట్టే మనిషికి వెళుతోందా? వెళితే ఏ రోజు వెళుతోంది? వేడివేడిగా వెళుతోందా, మూడోనాడు ఎండిపోయాక వెళుతోందా? ఏ పళ్ళెంలో వెళుతోంది? ఇప్పటికీ కొన్ని అపార్ట్‌మెంట్లలో పనివారికి వేరే లిఫ్టు ఉంది. చాలా ఇళ్ళలో వారి టీకి వేరే గ్లాసు గట్టు మీద బోర్లించి ఉంటుంది. లాక్‌డౌన్ రోజుల్లో రెండు నెలలు రాలేకపోయిన పనిమనిషికి జీతం పూర్తిగా పంపినవారున్నారు, కోసుకున్నవారూ ఉన్నారు. మనం ఇంట్లో కూర్చుని రొట్టెలు కాల్చుకోగలిగామంటే కూరలబండి తోసినవారు, చెత్త ఎత్తినవారు, గేటు దగ్గర కూర్చున్నవారు ఉండబట్టే గదా!

అలాగని రొట్టెముక్క జీతానికి బదులు కాదు, వారానికో సెలవుకు బదులు కాదు. జీతం బాకీ, అది తీర్చవలసిందే. కానుక వేరు. బాకీ తీరాక మనిషికీ మనిషికీ మధ్య మిగిలేది కానుక. అందుచేత ఈసారి రొట్టె కాల్చినప్పుడు మొదటి ముక్కల్లోంచే ఒకటి తీసి, మీరు తినే పళ్ళెంలాంటి పళ్ళెంలోనే, ఆ రోజే ఆమెకివ్వండి. ఇస్తూ పేరు పెట్టి పిలవండి. ఆమె ఇంట్లో పండగనాడు ఏ మలీదో, ఏ సర్వపిండో చేసి డబ్బాలో మీకు తెచ్చిందనుకోండి, "ఎందుకమ్మా ఇవన్నీ" అని గట్టు మీద పక్కకు పెట్టకండి. మూత తీసి, ఆమె ఎదుటనే ఒక ముక్క నోట్లో వేసుకోండి. తరువాత ఆ డబ్బా ఖాళీగా మాత్రం పంపకండి.